కిటికీ సీటు ఎడమా, కుడా? వైపు ముందు తేల్చుకోండి, వరుస సంగతి తరవాత

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నవంబరులో అమ్మానాన్నలను తొలిసారి విమానం ఎక్కిస్తున్నారు. ఉదయం హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి, కొన్ని రోజులుండి సాయంత్రం విమానంలో తిరిగి వస్తారు. వచ్చే మే నెలలో ఢిల్లీ నుంచి లేహ్ వెళ్లే ఆలోచన కూడా ఉంది. బయటి దృశ్యాలు బాగా కనిపించాలంటే ఏ కిటికీ తీసుకోవాలి, దానికోసం అదనంగా డబ్బు కట్టడం దండగా అని మీ సందేహం.

ముందు సమాధానం చెప్పేస్తాను. విశాఖ వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ, వచ్చేటప్పుడు కుడి కిటికీ. లేహ్ వెళ్లేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. వరుస విషయానికొస్తే రెక్కకు ముందు, అంటే మామూలు ఎయిర్‌బస్ 320లో రెండు నుంచి ఏడు మధ్య. డబ్బు మాటంటారా, లేహ్‌కు కళ్లు మూసుకుని కట్టండి. విశాఖకు అంత అవసరం లేదు. రెక్క దాటాక వెనక వరుసల్లో ఎడమ కిటికీలు తక్కువకే దొరుకుతాయి, అవి చాలు.

రెండు ప్రయాణాలకూ జవాబు ఒకేలా ఉన్నా కారణాలు వేరు. ఆ కారణాలు తెలిస్తే తరవాత ఏ ఊరికి వెళ్లినా మీరే తేల్చుకోగలరు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నేను నీటిపారుదల ప్రాజెక్టుల పనిమీద చాలా ఏళ్లు ఈ దారుల్లో తిరిగాను. పైనుంచి చెరువులనూ కాలువలనూ గుర్తుపట్టడం నాకు వృత్తితో వచ్చిన జబ్బు. నడవ పక్క సీటు ఉచితంగా ఇచ్చినా, డబ్బు కట్టి కిటికీకి మారే బాపతు మనిషిని. ఆ పక్షపాతం ఉందని గుర్తుంచుకుని చదవండి.

వైపు ఎందుకు ముఖ్యం

‘ఫలానా వరుసే ఉత్తమం’ అని చాలామంది చెబుతుంటారు. అది సగం ప్రశ్నకే జవాబు. వరుస తప్పితే రెక్క కొంత అడ్డం వస్తుంది, మెడ వంచి ముందుకో వెనక్కో చూసి సర్దుకోవచ్చు. వైపు తప్పితే చేయగలిగింది ఏమీ లేదు. కాంచనగంగ ఎడమవైపు ఉన్నప్పుడు కుడివైపు మొదటి వరుసలో కూర్చున్నవారికి కనిపించేది బెంగాల్ మైదానం.

వైపు తేల్చుకోవడానికి ఓ సులువైన పద్ధతి ఉంది. ఫోనులో పటం తెరిచి, చేరాల్సిన ఊరు పైకి వచ్చేలా పటాన్ని తిప్పండి. దారికి ఎడమన ఏమున్నాయో ఎడమ కిటికీకి అవి, కుడిన ఉన్నవి కుడి కిటికీకి. సీటు అక్షరాల్లో ‘ఎ’ ఎప్పుడూ ప్రయాణ దిశకు ఎడమ. అటు మూడు, ఇటు మూడు సీట్లుండే విమానంలో కుడి కిటికీ ‘ఎఫ్’. రెండు నడవలుండే పెద్ద విమానాల్లో చాలావరకు ‘కె’.

పటం తరవాత చూడాల్సింది సూర్యుడు. ఇది చాలామంది పట్టించుకోరు. ఎండ పడే వైపు కూర్చుంటే కిటికీ మీది ప్రతి గీతా, ప్రతి మరకా వెలుగుతుంది. నేలమీది పొగమంచు పాలలా తెల్లబడి కింద ఉన్నదేదీ తేలదు. పది నిమిషాలకు మీరే విసుగొచ్చి తెర కిందికి లాగుతారు. రెండో వైపు కూర్చుంటే వెలుగు మీ వెనకనుంచి వెళ్లి మీరు చూస్తున్న కొండల మీద పడుతుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో గుట్టలకు నీడలు తేలి ఎత్తుపల్లాలు విడివిడిగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే నేల చదునుగా, పాలిపోయి ఉంటుంది.

కాబట్టి ఉత్తరానికో దక్షిణానికో వెళ్లే ఉదయపు విమానంలో పడమటి కిటికీ, సాయంత్రం విమానంలో తూర్పు కిటికీ. తూర్పుకో పడమరకో వెళ్లే విమానంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరపు కిటికీయే నీడ. ఎక్కువ భాగం అని ఎందుకంటున్నానంటే, హైదరాబాద్ అక్షాంశంలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ మూడు నెలలూ లెక్క తిరగబడుతుంది. మీ ప్రయాణం నవంబరులో గనుక ఆ చిక్కు లేదు.

ఎండ వైపు కూర్చోవడానికి నాకు తెలిసిన మంచి కారణం ఒకటుంది, అది నీళ్లు. వానాకాలం ముగిశాక తెలంగాణ మీదుగా ఉదయం వెళ్తే ఎండ వైపు కిటికీలోంచి గొలుసుకట్టు చెరువులు కనిపిస్తాయి. సూర్యబింబం ఓ చెరువులో భగ్గుమని మెరిసి ఆరిపోతుంది. క్షణం ఆగి, దాని అలుగు నీళ్లు చేరే కింది చెరువులో మెరుస్తుంది. ఆ తరవాత నాట్లు పడిన మడుల్లో మినుకుమినుకుమంటూ జారిపోయి ఇంకో చెరువులో తేలుతుంది. విమానం కదులుతున్న కొద్దీ ఆ మెరుపు ఒక్కో చెరువునూ తట్టుకుంటూ మన వెంటే వస్తుంది. నీడ వైపు నుంచి చూస్తే అవే చెరువులు ఆకుపచ్చగా, నల్లగా మౌనంగా ఉంటాయి. దీనికోసం నేను కావాలని ఎండలో కూర్చున్న రోజులున్నాయి. అమ్మానాన్నలకు మాత్రం సిఫారసు చేయను, కళ్లు నొప్పి పుడతాయి.

నీడ వైపు కూర్చుంటే దానికి బదులు మరో కానుక దొరుకుతుంది. మేఘాల మీద విమానం నీడ పడ్డప్పుడు ఆ నీడ చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు రంగుల వలయం కనిపిస్తుంది. మేఘంలోని సన్నని నీటి బిందువులు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపడం వల్ల ఏర్పడేది అది. సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున మాత్రమే కనిపిస్తుంది. పలచని తెల్లటి మేఘం కిందుంటే అటు ఓ కన్నేసి ఉంచమనండి.

హైదరాబాద్ నుంచి విశాఖ

ఈ దారి దాదాపు తూర్పు దిక్కుకే. ఎడమ కిటికీ ఉత్తరానికి, కుడి కిటికీ దక్షిణానికి. నవంబరు ఉదయం సూర్యుడు ఆగ్నేయాన, అంటే మీకు ముందు కుడివైపు. అందుకే ఎడమ.

రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీస్తే అది ఖమ్మానికి కాస్త ఉత్తరంగా వెళ్లి, పాపికొండల దగ్గర గోదావరిని దాటుతుంది. విమానాలు గీత గీసినట్టు వెళ్లవు, కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ జరుగుతాయి. అయినా ఎడమవైపు వారికి భద్రాచలం దగ్గరి గోదావరి వంపు, శబరి వచ్చి కలిసే కూనవరం, ఆ వెనక తూర్పు కనుమలు. కుడివైపు వారికి పోలవరం, దూరంగా రాజమహేంద్రవరం, గాలి తేటగా ఉంటే డెల్టా పచ్చదనం. న్యాయంగా చెప్పాలంటే ఇక్కడ రెండు వైపులా సరితూగుతాయి. తీర్పు చెప్పేది సూర్యుడే.

పాపికొండల ప్రాంతం విశాఖకు రమారమి 180 కిలోమీటర్ల దూరం. జెట్ విమానం దిగడం మొదలుపెట్టేది దాదాపు అక్కడే. అక్కడినుంచి నేల క్షణక్షణానికీ దగ్గరవుతుంది. తక్కువ దూరం ప్రయాణాల్లో చూడాల్సింది చివరి పావుగంటే. 33 వేల అడుగుల ఎత్తున ఊళ్లన్నీ ఒకేలా ఉంటాయి. 5 వేల అడుగులకు దిగాక రోడ్డు మీద లారీలు కూడా తెలుస్తాయి. అందుకే ఇలాంటి దారుల్లో సీటు ఎంచుకునేటప్పుడు మధ్యదారి కన్నా దిగే చోటుకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

విశాఖ ఊళ్లోని విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్‌ఎస్ డేగ. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. గాలిని బట్టి విమానం సముద్రం వైపు నుంచి పడమరకు దిగవచ్చు, లేదా లోపలి నేల వైపు నుంచి తూర్పుకు దిగవచ్చు. సముద్రం మీదుగా తిరిగి వచ్చి దిగితే మీ అదృష్టం పండినట్టే. అప్పుడు ఎడమ కిటికీలో డాల్ఫిన్స్ నోస్ కొండ, హార్బరు, ఓడలు. కుడి కిటికీలో బీచ్ రోడ్డు, ఊరు, వెనగ్గా కైలాసగిరి. తూర్పుకు దిగితే ఎడమవైపు సింహాచలం కొండల వరుస, కుడివైపు ఉక్కు కర్మాగారం దిక్కు. ఎటు దిగినా ఎడమ కిటికీకి ఏదో ఒకటి దక్కుతుంది చూడండి. అందుకే అంత ధీమాగా ఎడమ అన్నాను. భోగాపురం విమానాశ్రయంలో దిగే విమానమైతే ఈ చివరి అంకం లెక్క వేరు. టికెట్టులో ఏ విమానాశ్రయం ఉందో చూసుకోండి.

రక్షణ శాఖ విమానాశ్రయాల్లో ఫొటోల మీద ఆంక్షలుంటాయి. సిబ్బంది వద్దంటే ఫోను జేబులో పెట్టుకోమనండి.

తిరుగు ప్రయాణంలో దిశ పడమర, కాబట్టి ఉత్తరం కుడివైపుకు మారుతుంది. సాయంత్రం సూర్యుడు నైరుతిలో, అంటే ముందు ఎడమవైపు ఉంటాడు. నీడ, తేట కావాలంటే కుడి కిటికీ. అయితే ఒక మినహాయింపు. నవంబరులో హైదరాబాద్‌లో పొద్దు అయిదూ నలభై ప్రాంతంలో గుంకుతుంది. మీ విమానం ఆ వేళకు గాలిలో ఉండి, అమ్మానాన్నలకు పైనుంచి సూర్యాస్తమయం చూపించాలని ఉంటే ఎడమ కిటికీ తీసుకోండి. పడమరకు వెళ్లే విమానంలో అస్తమయం నేలమీద కన్నా చాలాసేపు సాగుతుంది. మన అక్షాంశంలో భూమి గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, విమానం అందులో సగం వేగంతో సూర్యుడి వెంట పడుతుంది. కాబట్టి ఎరుపు రంగు ఇంచుమించు రెట్టింపు సేపు నిలుస్తుంది. ఆరున్నర దాటిన విమానమైతే ఈ గొడవే లేదు, చీకట్లో రెండు వైపులా ఒకటే.

శంషాబాద్‌లో రన్‌వేలు తూర్పు పడమరలు. నగరం విమానాశ్రయానికి ఉత్తరాన ఉంది. పడమరకు దిగితే నగరం కుడివైపు, తూర్పుకు దిగితే ఎడమవైపు. పగలైతే హిమాయత్ సాగర్, ఇంకాస్త అవతల గండిపేట కనిపిస్తాయి. రాత్రయితే బాహ్య వలయ రహదారి దీపాల దండ. ఇది మాత్రం గాలివాటం మీద ఆధారపడి ఉంటుంది, ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు.

కొంత అంచనా వేయవచ్చు లెండి. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ విమానం సంఖ్య కొడితే గత వారం రోజులు అది ఏ దారిన వెళ్లిందో, ఎటునుంచి దిగిందో గీతలు కనిపిస్తాయి. అయిదు రోజులు ఒకే వైపు నుంచి దిగిందంటే ఆరో రోజూ అలాగే దిగే అవకాశం ఎక్కువ. గాలులు రుతువును బట్టి మారతాయి కాబట్టి ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు చూడండి. నెల ముందు చూస్తే ఉపయోగం లేదు.

ఢిల్లీ నుంచి లేహ్

ఇది అసలు కథ. పైన ‘దిగే చోటుకే మార్కులు’ అన్నానే, ఆ మాట ఇక్కడ చెల్లదు. ఇక్కడ మధ్యదారే ప్రదర్శన.

విమానం దాదాపు నేరుగా ఉత్తరానికి వెళ్తుంది. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యాహ్నానికి లోయలో గాలులు బలపడతాయి, ఎండకు పలచని గాలి మరింత పలచనవుతుంది. అందుకే ఇక్కడికి విమానాలు ఎక్కువగా ఉదయమే నడుస్తాయి. ఉదయం కాబట్టి సూర్యుడు తూర్పున, అంటే వెళ్లేటప్పుడు కుడివైపు. పెద్ద శిఖరాలేమో పడమరన, ఎడమవైపు. పటమూ సూర్యుడూ ఒకే మాట చెప్పే దారులు అరుదు. ఇది అలాంటిది.

మైదానం దాటి శివాలిక్ గుట్టలు వచ్చాక పర్వతాలు ఒక వరుస వెనక ఒకటిగా పైకి లేస్తాయి. ధౌలాధర్, పీర్ పంజాల్, ఆ తరవాత జాంస్కర్. ఎడమవైపు నున్, కున్ జంట శిఖరాలు కనిపిస్తాయి. ఎత్తు 7,135, 7,077 మీటర్లు. ఒకటి మంచుతో తెల్లగా, రెండోది కాస్త కోసుగా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. గాలి తేటగా ఉంటే వాటికి వెనక, చాలా దూరాన ఒంటరిగా మేఘంలా నిలిచి కనిపించేది నంగా పర్బత్, 8,126 మీటర్లు. దాని చుట్టుపక్కల దానంత ఎత్తున్నది ఏదీ లేకపోవడమే దాని ఆనవాలు. లేహ్ దగ్గరపడుతున్నప్పుడు ముందు ఎడమ దిక్కున కారకోరం, అదృష్టముంటే కె2.

కుడివైపు ఏమీ లేదని కాదు. స్పితి కొండలు, సో మొరిరి సరస్సు అటే ఉన్నాయి. కాని ఎదురెండలో మంచు మీది వెలుగుకు కళ్లు చెదిరిపోతాయి.

చివర్లో విమానం సింధు నది లోయలోకి దిగి, స్పితుక్ మఠం ఉన్న గుట్ట పక్కనుంచి రన్‌వే మీదికి వస్తుంది. ఆ కాసేపు రెండు వైపులా కొండలే. ఇక్కడో మెలిక ఉంది. 2025 మే నెలలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, ముఖ్యంగా పడమటి సరిహద్దు వైపున్న రక్షణ శాఖ విమానాశ్రయాల్లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 10 వేల అడుగుల దాకా కిటికీ తెరలు మూసి ఉంచాలని ఆదేశించింది. అత్యవసర ద్వారం వరుసలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ వరుసలు సరిగ్గా రెక్క మీద ఉంటాయన్నది వేరే సంగతి. ఇలాంటి ఆదేశాలు మారుతుంటాయి, ఆ రోజు సిబ్బంది ఎలా చెబితే అలా చేయండి. తెర మూయాల్సి వచ్చినా మధ్యదారి శిఖరాలు ఎక్కడికీ పోవు, అందుకే లేహ్‌కు సీటు డబ్బు వృథా కాదంటున్నాను.

తిరుగు ప్రయాణమూ సాధారణంగా ఉదయమే. పడమర అప్పుడు కుడివైపు అవుతుంది, సూర్యుడు ఎడమవైపు. కాబట్టి కుడి కిటికీ.

సీటుతో సంబంధం లేని మాట ఒకటి. పెద్దవారిని నేరుగా మైదానం నుంచి అంత ఎత్తుకు తీసుకెళ్తున్నారు. ముందే డాక్టరుతో మాట్లాడండి, లేహ్ చేరాక మొదటి రెండు రోజులు ఎక్కడికీ తిప్పకండి.

ఇక వరుస

ఎయిర్‌బస్ 320లో సుమారు తొమ్మిది, పది వరుసల నుంచి పందొమ్మిది, ఇరవై దాకా రెక్క ఉంటుంది. విమాన సంస్థను బట్టి ఒకటి రెండు వరుసల తేడా. ఇంజను రెక్కకన్నా ముందుకు పొడుచుకుని వస్తుంది కాబట్టి ఎనిమిదో వరుసలో రెక్క లేకపోయినా కింది దృశ్యానికి ఇంజను అడ్డం. అందుకే రెండు నుంచి ఏడు అన్నాను. మొదటి వరుసలో కాళ్లకు చోటుంటుంది గాని, ముందు సీటు లేదు కాబట్టి చేతిసంచి పైన పెట్టాల్సిందే. ఫోను, నీళ్ల సీసా, మందులు ముందే తీసి ఉంచుకోవాలి.

ఇరవై రెండు తరవాతి వరుసల్లో రెక్క ముందుంటుంది, కింద, వెనక బాగానే కనిపిస్తుంది. ఒకటే లోపం. ఇంజను నుంచి వచ్చే వేడిగాలి వల్ల రెక్క వెనక ప్రాంతం అలలు అలలుగా వణుకుతూ కనిపిస్తుంది. కంటికి ఇబ్బంది లేదు, ఫొటో మాత్రం మసకబారుతుంది. బాగా వెనక్కి వెళ్తే ఆ బాధ కొంత తగ్గుతుంది. లేహ్‌కు ముందు వరుసే కావాలని పట్టుబట్టడానికి ఇదీ ఓ కారణం.

విశాఖకో, విజయవాడకో, రాజమహేంద్రవరానికో ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం దొరికితే మొహం చిట్లించకండి. చూడటానికి వచ్చినవారికి అంతకన్నా మంచి విమానం లేదు. రెక్కలు పైన ఉంటాయి, కాబట్టి నేల చూడటానికి దాదాపు ఏ సీటుకూ అడ్డు లేదు. ఎగిరే ఎత్తు కూడా జెట్ కన్నా చాలా తక్కువ, వేగమూ తక్కువ. కాలువలు, గట్లు, తోటల వరుసలు వేరువేరుగా గుర్తుపట్టవచ్చు. పంకాల దగ్గరి వరుసల్లో చప్పుడు ఎక్కువ, వెనక సగంలో తీసుకోండి. మధ్యలో కూర్చుంటే దిగే ముందు చక్రాలు పొట్టలోంచి బయటికి రావడం కిటికీలోంచే చూడవచ్చు. మీ నాన్నగారికి యంత్రాల మీద ఆసక్తి ఉంటే అది సరదాగా ఉంటుంది.

కిటికీ లేని కిటికీ సీట్లు కూడా ఉంటాయి, జాగ్రత్త. బోయింగ్ 737లో రెక్కకు కాస్త ముందు, గోడలోంచి ఏసీ గొట్టాలు వెళ్లే చోట కిటికీ ఉండదు. ఎడమవైపు పది పదకొండు వరుసల ప్రాంతంలో ఇది తగులుతుంది, సంస్థను బట్టి మారుతుంది. సీట్ల పటంలో మాత్రం మామూలు కిటికీ సీటులాగే డబ్బు అడుగుతారు. ఎయిర్‌బస్‌లో పూర్తిగా లేకపోవడం అరుదు గాని, కిటికీ సరిగ్గా భుజం వెనక్కి వచ్చే సీట్లు ఉంటాయి. ఏరోలోపా అనే సైటులో సంస్థలవారీగా, కిటికీలు ఎక్కడెక్కడ ఉన్నాయో సహా బొమ్మలు గీసి పెట్టారు. డబ్బు కట్టేముందు ఓసారి చూసుకోండి. విదేశాలకు బోయింగ్ 787లో వెళ్తే కిటికీలు పెద్దవి, కాని లాగే తెరలుండవు. మీట నొక్కితే అద్దం నీలంగా నల్లబడుతుంది, సిబ్బంది అన్నింటినీ ఒకేసారి నల్లబరిచి పెట్టేయగలరు కూడా.

అమ్మానాన్నలను ఎలా కూర్చోబెట్టాలి

ఇద్దరికీ కిటికీ ఇద్దామని ముందు వెనక వరుసల్లో రెండు ‘ఎ’ సీట్లు తీసుకునేవారున్నారు. అలవాటున్నవారికి అది బాగుంటుంది. తొలిసారి ఎక్కేవారికి వద్దు. విమానం పైకి లేచేటప్పుడు పక్కన తెలిసిన మనిషి ఉండాలి. ఒకే వరుసలో మూడు సీట్లూ తీసుకుని అమ్మగారిని కిటికీ దగ్గర, నాన్నగారిని మధ్యలో, మీరు నడవ పక్కన కూర్చోండి. వచ్చేటప్పుడు వారిద్దరూ మారతారు. ఏటీఆర్ అయితే పక్కపక్కన రెండే సీట్లు కాబట్టి ఇంకా హాయి.

కిటికీ పక్కవారు సీటును వెనక్కి వాల్చకుండా, కాస్త ముందుకు జరిగి కూర్చుంటే కిందికి ఎక్కువ కనిపిస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఫోనును అద్దానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి, ఆనించకూడదు. ఆనిస్తే విమానం వణుకు ఫొటోలోకి వస్తుంది. చీకటి పడ్డాక లోపలి దీపాలు అద్దంలో కనిపిస్తుంటే ఫోను చుట్టూ నల్లటి శాలువా కప్పితే సరిపోతుంది. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే అద్దంలో రంగురంగుల చారలు కనిపిస్తాయి. అది కిటికీ లోపం కాదు, ఆ ప్లాస్టిక్ పలకల గుణం. కళ్లద్దాలు తీసేస్తే పోతుంది. కింద సన్నని రంధ్రం ఉంది, గాలి పోతుందేమోనని అమ్మగారు కంగారు పడవచ్చు. పొరల మధ్య పీడనం సరిచేయడానికీ, చెమ్మ పట్టకుండా ఉండటానికీ కావాలనే పెట్టిన రంధ్రం అది. భారం మోసేది దాని బయటి పలక.

మిగతా దారులు, చకచకా

తిరుపతికి హైదరాబాద్ నుంచి ఉదయం వెళ్తే కుడి కిటికీ. శ్రీశైలం డ్యామ్, నాగార్జునసాగర్ ఎడమవైపు వస్తాయి, నిజమే. కాని తిరుమల కొండలు పడమరన ఉన్నాయి, సూర్యుడు తూర్పున ఉంటాడు. దిగే ముందు శేషాచలం కొండ అంచు ఎర్రరాళ్లతో ఎండలో నిలువుగా కనిపించడం నాకు సాగర్ కన్నా ఎక్కువ ఇష్టం. మధ్యాహ్నం దాటిన విమానమైతే ఎడమ తీసుకుని కృష్ణను చూడండి.

ఉత్తర బెంగాల్‌లోని బాగ్‌డోగ్రాకు వెళ్లేటప్పుడు ఎడమ. కాంచనగంగ 8,586 మీటర్లు, అక్టోబరు, నవంబరు ఉదయాల్లో స్పష్టంగా ఉంటుంది. ఢిల్లీ నుంచి కాఠ్మాండూకు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. ధవళగిరి, అన్నపూర్ణ, మనాస్లు వరుసగా వస్తాయి. కాఠ్మాండూ నుంచి భూటాన్‌లోని పారో వెళ్లేవారికి కూడా ఎడమే, ఎవరెస్టు అటే ఉంటుంది. వానాకాలంలో ఈ దారులకు సీటు డబ్బు కట్టకండి, తెల్లటి మేఘం తప్ప ఏమీ కనిపించదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవారు ఇక్కడ తరచూ అడుగుతుంటారు గనుక రెండు ముక్కలు. నూవార్క్‌లో ఉత్తర దిశగా దిగితే న్యూయార్క్ భవనాలు కుడివైపు, దక్షిణంగా దిగితే ఎడమవైపు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సియాటెల్‌కు కుడి కిటికీ తీసుకుంటే శాస్తా, హుడ్, రేనియర్ అగ్నిపర్వతాలు మంచు టోపీలతో ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ. శీతకాలపు రాత్రి ఐరోపా నుంచి అమెరికాకు వెళ్తూ ధ్రువకాంతి చూడాలనుకుంటే ఉత్తరం వైపు, అంటే కుడి కిటికీ. రెక్క దీపం కంట్లో పడని వరుస చూసుకోవాలి.

చివరగా ఓ జాగ్రత్త. ప్రయాణానికి ముందు విమాన సంస్థ ఒక విమానం బదులు ఇంకో రకం పెట్టడం మామూలే. అప్పుడు మీరు డబ్బు కట్టిన అయిదో వరుస వేరే చోటికి మారిపోవచ్చు, ఎడమ సీటు కుడికి పోవచ్చు. ముందురోజు రాత్రి బోర్డింగ్ పాస్ మరోసారి తెరిచి అక్షరం, వరుస సరిచూసుకోండి. మారి ఉంటే విమానాశ్రయంలో కౌంటరు దగ్గర త్వరగా వెళ్లి అడగండి. పెద్దవాళ్లు తొలిసారి ఎక్కుతున్నారని చెబితే ఖాళీ ఉన్నంతవరకు సర్దుతారు.

మీ విమానం సంఖ్యలు ఇక్కడ రాస్తే ఏ రకం విమానమో చూసి వరుస కూడా కచ్చితంగా చెబుతాను.